భివండికి ఆలస్యంగా చేరిన తుమ్ము

ఆ ఆదివారం పొద్దున బాలనర్సయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో రాజారాం నడిపే ఇంటర్నెట్ సెంటరుకు పోవాలి. భివండిలో ఉన్న లింబయ్యతో కంప్యూటర్‌లో మాట్లాడి, కూతురు గోదావరి సంబంధం ఖాయం చేసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు మటన్ తేవాలి. ఎస్టీడీ కన్నా కంప్యూటర్‌లో మాట చవక అని 2002 నాటికి నిజామాబాద్‌లో అందరికీ తెలుసు. చవకే గాని, ఆ మాటకు బద్ధకం ఎక్కువ. ఇక్కడ బయలుదేరింది భివండి చేరేలోపు దారిలో ఎక్కడో చాయ్ తాగి పోతుంది.

లింబయ్య బోధన్ నుంచి వలసపోయి భివండిలో మరమగ్గాలు పెట్టుకున్న మనిషి. ఆయన కొడుకు తుకారాంను గోదావరి బోధన్‌లో చుట్టాల పెండ్లిలో చూసింది. అప్పటినుంచి వేరే సంబంధం పేరెత్తితే చాలు, ఆ పిల్లకు తలనొప్పి. పెద్దలకూ ఇష్టమే. ఇక ఒక్క మాట అనుకోవడమే మిగిలింది.

సెంటరు పక్కన బీడీల గోదాం. అందులో తంబాకు జల్లెడ పడుతున్నారు. బాలనర్సయ్య ముక్కు అదిరింది. పాపం, మర్యాదస్తుడు, ఎవరూ ఏమీ మాట్లాడని సందు చూసుకునే తుమ్మాడు. ఆ తుమ్ము తీరిగ్గా పోయి పోయి, అక్కడ లింబయ్య "పిల్ల మాకు ఖాయం" అంటున్నప్పుడే ఆయన చెవిలో పేలింది.

"ఏంది బావా, నేను ఖాయమంటుంటే తుమ్ముతవా?"

"నువ్వు ఖాయమన్నది నాకు గిప్పుడే ఇనవడ్డది. నేను తుమ్మి శానా సేపాయె!"

"నా చెవులతోని ఇన్న బావా! శుభమా అని మాటంటే ఒంటి తుమ్మా?"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అదే వచ్చిన తంటా. చివరికి లింబయ్య తీర్పు చెప్పాడు. గురువారం మంచి గడియ ఉంది, మళ్ళీ మాట్లాడుకుందాం. కానీ మాటకు మాట వెంటనే అందాలి. ఈసారీ తేడా వస్తే తుకారాంకు షోలాపూర్ సంబంధం తయారుగా ఉంది.

షోలాపూర్ పేరు వినగానే, తండ్రి వెంట వచ్చిన గోదావరి రాజారాం వైపు తిరిగింది. "రాజన్నా, నీ కాల్మొక్త, ఏమన్న జెయ్యే!" అంది.

"నువ్వు రంది పడకు చెల్లె. గీ ఆలస్యం సంగతి నేను సూస్త" అన్నాడు రాజారాం.

గురువారం పొద్దున్నే ఆటలాడే పిల్లలను పంపించేసి, మిగతా కంప్యూటర్లన్నీ ఆపేశాడు. అయినా మాట నింపాదిగానే పోతోంది. ఎక్స్ఛేంజీ మీద బరువు తగ్గితే తప్ప లాభం లేదని ఆయనకు తోచింది. గల్లీ గల్లీ తిరిగి, "పగటి బువ్వ యాల్ల దాక ఎవ్వలు ఫోన్లు ఎత్తకుండ్రి, కంప్యూటర్లు బంద్ వెట్టుండ్రి" అని బతిమాలాడు.

"ఎందుకు?" అంది కిరాణం రేణుకమ్మ.

ఖాయం కాని సంబంధం బయటపెడితే దిష్టి తగులుతుందని బాలనర్సయ్య ఒట్టు వేయించుకున్నాడాయె. రాజారాం తల దించుకుని, "గది మాత్రం అడగకు అక్కా" అన్నాడు.

కారణం చెప్పకపోతే కంఠేశ్వర్ ఊరుకుంటుందా? ఎవరో పెద్దమనిషి పోయాడంది రేణుకమ్మ. పక్క గల్లీకి పోయేసరికి ఆ మాట ఊరు బంద్‌గా మారింది. షట్టర్లు దిగాయి. బీడీల గోదాంకు సెలవిచ్చారు. హోటలాయన సగం కాలిన పూరీలను నూనెలోంచి తీసి పొయ్యి ఆర్పేశాడు. మిగతా ఇంటర్నెట్ సెంటర్ల వాళ్ళూ తాళాలు వేసుకుని ఇళ్ళకు పోయారు. ఒకాయనైతే చేతికి నల్లగుడ్డ కట్టుకుని, ఎవరి కోసమో తెలియక అందరినీ అడుగుతూ తిరిగాడు.

మంచి గడియకు కంప్యూటర్‌లో లింబయ్య గొంతు పక్క గదిలోంచి వచ్చినంత స్పష్టంగా, వెంటనే వచ్చింది. రాజారాం మీసం దువ్వుకున్నాడు.

"బావా, పెండ్లి మా నిజామాబాద్ల..." అని మొదలుపెట్టాడు బాలనర్సయ్య.

"భివండిలనే!" మాట పూర్తి కానివ్వలేదు లింబయ్య.

"జర ఇను..."

"నువ్వే ఇను! మీ దిక్కు నీళ్లు తాగితే మావోళ్లకు జలుబు వడ్తది."

"నిజాంసాగర్ నీళ్లు తాగి గింత పెరిగి, గా నీళ్లకే పేరు వెడ్తవా?"

"నోరు జారకు!"

"నువ్వు జారినవ్ ముందుగాల!"

ఆదివారం ఒకరు చెప్పింది పూర్తిగా విన్నాకే రెండోవారు నోరు తెరిచారు. వినక తప్పలేదు మరి. ఇప్పుడా అవసరం తీరిపోయింది. లింబయ్య నోట షోలాపూర్ మాట రాబోతోందని గోదావరి పసిగట్టింది. చున్నీ నడుముకు చుట్టుకుని వీధిలోకి ఉరికింది.

"ఎవ్వలు సావలే! దుకాణాలు తియ్యుండ్రి! ఎవ్వలకు గావాలంటే వాళ్లకు ఫోన్లు జేస్కోండ్రి!"

ఇంతకూ చావనిది ఎవరో కనుక్కోవడానికి కంఠేశ్వర్ మొత్తం ఒక్కసారే ఫోన్లెత్తింది.

లైను మీద మళ్ళీ బరువు పడి, సెంటరులో లింబయ్య గొంతు ఆగిపోయింది. బాలనర్సయ్య ఎదురుచూశాడు. తిట్టుకు తిట్టు రాలేదు. "అయ్యో, మనసు కష్టవెట్టుకున్నడా ఏంది?" అని ఆయన గుండె నీరయింది. అటు లింబయ్యకూ తన తిట్టుకు జవాబు లేదు. పిల్లనిచ్చే మనిషిని ఏడిపించానే అని ఆయనా నొచ్చుకున్నాడు.

"తప్పయింది బావా, భివండిలనే కానియ్" అన్నాడు బాలనర్సయ్య.

ఆ మాట ఇంకా దారిలో ఉండగానే అటునుంచి బయలుదేరిన మాట ఇటు చేరింది: "తప్పు నాదే బావా, నిజామాబాద్లనే కానియ్."

ఇక మర్యాదల మీద ఇంకో కొట్లాట మొదలయ్యేలోపు గోదావరి తండ్రి భుజం మీదుగా వంగి, "పెండ్లి బోధన్ల చేస్తున్నరు మామా, ఖాయం!" అని అరిచింది. కాసేపటికి భివండి నుంచి నవ్వు వచ్చింది, దాని వెనకే "ఖాయం బిడ్డా" అన్న మాట వచ్చింది. గోదావరి అక్కడే కుర్చీలో కూలబడి, సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

ఇప్పుడు సంబంధాలు మాట్లాడుకోవడానికి వచ్చేవారిని రాజారాం అన్నిటికన్నా నిదానంగా నడిచే కంప్యూటర్ దగ్గర కూర్చోబెడతాడు. దానికి గంటకు అయిదు రూపాయలు ఎక్కువ.