తేల్చుకోని ఓటరు మీద పందెం

ప్రజల తీర్పు తెలుసుకోవడానికి ప్రజలనే అడగడమనే మోటు పద్ధతి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఆచరణలో రద్దయింది. ఇప్పుడు ఫోన్లోనే పందేల బజారు ఉంది. మనం కాసిన అభ్యర్థి గెలిస్తే డాలరు వస్తుంది, ఓడితే గాలి వస్తుంది. ఈలోగా ఆ పందెం ఎన్ని సెంట్లు పలికితే అతని గెలుపు అవకాశం నూటికి అంత. (ఓటర్లు నోరు మెదపనక్కర్లేదు. మెదిపితే లెక్క చెడుతుంది.)

లైల్ హ్రాబాక్ ఉండే జిల్లాలో ప్రతినిధుల సభ సీటుకు నిలబడ్డ హోగెన్, ఓబర్‌హోల్ట్ ఇద్దరూ యాభై సెంట్ల దగ్గర ఊగుతున్నారు. బడి బస్సులు బాగుచేసుకునే లైల్‌కు ఇద్దరితోనూ పేచీ లేదు. అతనికి కావలసింది వంతెన. అది మూతబడి ఆరేళ్లయింది. భార్య మార్లీన్‌ను వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు తీసుకెళ్లాలి. ఆసుపత్రి ఏటికి అవతలి గట్టున కనిపిస్తూనే ఉంటుంది. చేరడానికి మాత్రం యాభై నిమిషాల చుట్టుదారి.

సెప్టెంబరులో సర్వే ఆవిడ ఫోన్ చేస్తే ఉన్నమాట చెప్పాడు.

"బ్రిడ్జి ఎవరు బాగుచేస్తే వాళ్లకే."

"బ్రిడ్జి అనే గడి లేదండీ. 'తేల్చుకోలేదు' అని రాసుకుంటున్నాను."

జిల్లా మొత్తమ్మీద తేల్చుకోనివాడు అతనొక్కడేనని వారంలో బజారుకు తెలిసిపోయింది. అప్పటినుంచి లైల్ లేచినా కూర్చున్నా ధర కదలసాగింది. పక్క మొక్కజొన్న పొలం డ్వేన్ వెసెలీ ఒకరోజు కంచె దగ్గరికి పరుగున వచ్చాడు.

"ఒరేయ్ లైల్, నిన్న హోగెన్ బోర్డు ముందు బండెందుకు ఆపావు? రెండు సెంట్లు లేచింది!"

"టైరు చూసుకున్నాన్రా."

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవొద్దూ? నా దగ్గరున్న ఓబర్‌హోల్ట్ పందేలన్నీ అమ్మేశాను!"

తరవాత షికాగో నుంచి ఆక్టర్‌బెర్గ్ ఫోన్ చేశాడు. ఆయన బజారువారి సంభావ్యతల ధ్రువీకరణ విభాగానికి ఉప సంచాలకుడు.

"హోగెన్ గారి పేరు వినగానే తమరు దగ్గారని ఫిర్యాదు వచ్చింది. అది అభిప్రాయమా, జలుబా?"

"జలుబండీ."

"రాసివ్వగలరా?"

(ఇచ్చాడు. మూడు ప్రతులు.)

అక్టోబరులో చర్చి నేలమాళిగలో పాన్‌కేకుల ఫలహారానికి హోగెన్ స్వయంగా వచ్చాడు. లైల్ పళ్లెం పక్కన పెట్టి లేచాడు. "సార్, మా బ్రిడ్జి."

హోగెన్ ఫోన్ చూసుకుని వెలిగిపోయాడు. "సెంటున్నర లేచిందయ్యా! ఇంకోసారి అను, కాస్త గట్టిగా."

నాలుగుసార్లు అనిపించాడు. సాయంత్రం ఓబర్‌హోల్ట్ గారు వచ్చి, సమన్యాయం కోసం ఆవిడా నాలుగుసార్లు అనిపించారు. ధర మళ్లీ యాభైకి వచ్చింది.

మర్నాడు చుట్టుదారిలో మార్లీన్ అడిగింది: "ఒక్కరైనా 'ఏ బ్రిడ్జి?' అని అడిగారా?"

"లేదు."

ఆమె అద్దంలోంచి అవతలి గట్టు చూస్తూ కూర్చుంది.

పోలింగ్ రోజున లైల్ ఓటు చీటీలో పేరు రాసుకునే ఖాళీ గీత మీద 'బ్రిడ్జి' అని రాశాడు. చట్టప్రకారం దానికి ఒక ఓటు నమోదైంది. (బ్రిడ్జి ఈ జిల్లా నివాసియేనా అని కౌంటీ గుమాస్తా ఆరా తీశాడు. తనిఖీకి వెళ్లలేకపోయాడు, దారి లేదు.) హోగెన్ నూట పదకొండు ఓట్లతో గెలిచాడు.

లైల్ అర్జీ పెట్టుకున్నాడు. ఫిబ్రవరిలో హోగెన్ ఆఫీసు నుంచి జవాబొచ్చింది: "తమరి వంతెన వచ్చే ఏడాదిలోగా తెరుచుకుంటుందన్న పందెం బజారులో ప్రారంభమైనదని తెలుపుటకు సంతోషిస్తున్నాము. ప్రస్తుత ధర పదకొండు సెంట్లు. దీనితో తమరి అర్జీ పరిష్కరించబడినది."

లైల్ ఆ ఉత్తరం డ్వేన్‌కు చూపించాడు. డ్వేన్ ఫోన్ తీశాడు.

"ఇది పాత ధరరా. ఇప్పుడు నాలుగే. ఎవరో ఊరివాళ్లే 'తెరుచుకోదు' వైపు దండిగా కొన్నారు."

"ఏ దరిద్రుడు వాడు?"

డ్వేన్ ట్రాక్టరెక్కాడు.

ఇంటికొచ్చేసరికి మార్లీన్ కోటు వేసుకుని తయారుగా ఉంది. లైల్ ఆమెకేసి చూశాడు, ఆమె చేతిలోని ఫోన్‌కేసి చూశాడు.

"నువ్వా?"

"చుట్టుదారి పెట్రోలుకైనా పనికొస్తుంది."

(లోపలి సమాచారం ఉన్నవారు పందెం కాయరాదని బజారు నియమం. ఆరేళ్లుగా ఆ దారిన తిరుగుతున్న మనిషిని ఏ కోవలో వేయాలో ఆక్టర్‌బెర్గ్ గారు పరిశీలిస్తున్నారు.)

"నాలుగు సెంట్లకి పడిపోయింది మార్లీన్," అన్నాడు లైల్.

"అదీ ఎక్కువే," అంది ఆమె, బండెక్కి బెల్టు పెట్టుకుంటూ.