మేస్త్రి చెవికందని బండి

ఆ ఉదయం మెకానిక్ వేసుకున్న పథకం చిన్నదే. షోరూముకు వెళ్ళాలి, కరెంటు మోటార్‌సైకిల్ ఒకసారి నడపాలి, "పనికిరాదు" అని చెప్పాలి, వర్క్‌షాపు తెరిచే వేళకు వచ్చెయ్యాలి. వీధిలో ఆయన్ని చిటపటల మేస్త్రి అంటారు. ఎదుట అనరు.

కూతురికి ఊరి చివర ల్యాబులో ఉద్యోగం వచ్చింది. రెండు బస్సులు మారాలి. ఇంకోసారి ఆలస్యమైతే రానక్కర్లేదని అక్కడివాళ్ళు చెప్పేశారు. అందుకే కరెంటు బండి కొనుక్కుంటానంది. నాన్న సరేనంటేనే కొంటానని కూడా అంది, అక్కడే ఇరుక్కుపోయింది. పెట్రోలు ఇంజన్ల మీద బతికినవాడి ఇంట్లోకి కరెంటు బండా? మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది.

"చప్పుడు వింటే ఏ బండి జాతకమైనా చెప్పేస్తాను. చప్పుడే లేనిదానికి ఏం చెప్పమంటావే?"

"ఒకసారి నడిపి చెప్పు నాన్నా."

"నడిపే చెప్తాను, కాదని!"

షోరూములో టై కట్టుకున్న సేల్స్‌మన్ తాళం తిప్పి, "ఆన్‌లో ఉందండీ" అన్నాడు.

మేస్త్రి వంగి బండికి చెవి ఆనించాడు. "లేదు."

"ఉందండీ. కరెంటు బండికి చప్పుడుండదు."

"నాకు చెప్తున్నావా? నువ్వు పుట్టకముందు నుంచి బండ్లు స్టార్ట్ చేస్తున్నాను!" అంటూ ఎక్కి, అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ గట్టిగా తిప్పాడు.

బండి గేటు దాటి రోడ్డెక్కింది. మేస్త్రి కంగారుగా ఎడమచేత్తో క్లచ్ నొక్కాడు. అది క్లచ్ కాదు, బ్రేకు. బండి ఠక్కున ఆగింది, ఆయన హ్యాండిల్ మీదికి జారాడు. చెవులు రిక్కించి విన్నాడు. ఏమీ వినపడలేదు. ముఖం వెలిగిపోయింది.

"చచ్చింది! నేను చెప్పలా?"

చచ్చిన బండిని వీధంతా చూసి తీరాలి. అందుకని దిగి, తన వర్క్‌షాపు ముందు నుంచే తోసుకుంటూ బయల్దేరాడు. కుడిచెయ్యి యాక్సిలరేటర్ మీదే ఉంది. మొదటి గుంతలో ఆ చెయ్యి కాస్త మెలితిరిగింది. బండి ఒక్క ఉదుటున ముందుకు దూకింది. వదిలితే పడిపోతుందని ఆయన గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్నకొద్దీ అది జోరందుకుంది, పక్కనే మేస్త్రి పరుగు.

పంక్చర్లు వేసే అతను ఇది చూశాడు. పాపం, బండి తోయలేక అవస్థ పడుతున్నాడనుకుని, వచ్చి వెనక నుంచి తోయసాగాడు.

"వదలరా! తోయకురా!"

"పరవాలేదన్నా, నాకేం కష్టం లేదు!"

ఆ వెనకాల సేల్స్‌మన్, "పట్టుకోండి! బండి పట్టుకోండి!" అని అరుస్తూ వస్తున్నాడు. అది విని దారినపోయేవాళ్ళు దొంగలనుకుని వెంటపడ్డారు. మలుపులో ట్రాఫిక్ కానిస్టేబుల్ అడ్డొచ్చి, మేస్త్రి చెయ్యి లాగేసి బండి ఆపాడు.

"బండి నీదేనా?"

"కాదు."

"మరి తోసుకుని పారిపోతున్నావేం?"

"తోయడమేంటి! అదే నన్ను ఈడ్చుకొచ్చింది!"

"ఆఫ్‌లో ఉన్న బండి ఎలా ఈడుస్తుందయ్యా? చప్పుడే లేదు."

మేస్త్రికి కోపం నషాళానికంటింది. బండి ఆన్‌లో ఉందో లేదో తనకు తెలియదంటాడా ఈ మనిషి?

"కరెంటు బండికి చప్పుడెక్కడైనా ఉంటుందా? ఆ మాత్రం తెలీదా? ఆన్‌లోనే ఉంది! నాలాంటి మనిషిని ఇంత దూరం లాక్కొచ్చిందంటే ఏం పికప్ అది! బ్రేకు నొక్కితే గీత గీసినట్టు ఆగింది! నా సర్వీసులో ఇలాంటి బండి చూళ్ళేదు, తెలుసా!"

మలుపులో బస్సు కోసం నిలబడ్డ కూతురు, జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది.

"అయితే సరేనన్నట్టేగా నాన్నా?"

"నేనెప్పుడన్నాను?"

"ఇప్పుడేగా అన్నావన్నా! అందరం విన్నాం," అన్నాడు పంక్చర్ల అతను, ఇంకా ఆయాసపడుతూనే. కానిస్టేబుల్ కూడా తలూపాడు.

మేస్త్రి పళ్ళు నూరాడు. ఇంతమంది ముందు మాట వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది, తీసుకోకపోతే పంతం పోతుంది.

"కొనుక్కుని చావు! కానీ ఇంజనాయిలు మాత్రం నేనే మారుస్తాను. వేరే ఎవడి చెయ్యి పడినా ఊరుకోను!"

"అసలు దీనికి ఆయిలే ఉండ..." అనబోయిన సేల్స్‌మన్ కాలు కూతురు గట్టిగా తొక్కింది. "నీ ఇష్టం నాన్నా," అంది.

ఆ షరతును ఆ అమ్మాయి ఈనాటికీ మీరలేదు.