పెట్టిబోన్ సున్నపురాయి

"తొమ్మిది కోట్ల ఏళ్ళుగా పేరూ ఊరూ లేక పడున్న ఒక రాతిపొరకి ఈ ఏడు పేరొస్తోంది. అది నా పేరే!" అని కాన్సాస్ రాష్ట్ర సెనేటర్ డార్విన్ పెట్టిబోన్ గారు గడ్డిమేటు మీద నిలబడి ప్రకటించారు. ఎంత పెద్ద మనసో చూడండి, రాయినీ మర్చిపోలేదు.

చప్పట్లు కొట్టనిది రాళ్ళ సర్వే చేసే లొరీన్ ఒక్కతే. పదకొండు వేసవులు సుత్తి పట్టుకుని ఆ రాయి వెంట తిరిగింది మరి. పద్నాలుగడుగుల మందం, వెన్నరంగు, నిండా గవ్వలు, యాసిడ్ చుక్కేస్తే బుసబుస పొంగు, అన్నీ పుస్తకంగా రాసి, పక్కనున్న వాగు పేరుతో "కిల్‌డీర్ వాగు సున్నపురాయి" అని పేరు పెట్టింది. పోయినేడు సెనేటర్ గారు సర్వే ఆఫీసుకి ఉత్తరం రాసి ఆ పుస్తకం అచ్చు ఆపించారు.

"రాతిపొరలకి మనుషుల పేర్లు పెట్టరు సార్," అంది లొరీన్. "దగ్గర్లో ఉన్న ఊరి పేరో వాగు పేరో కావాలి."

"ఓస్, అంతేనా? వాగుకే నా పేరు పెడదాం!"

ఊళ్ళకీ వాగులకీ పేర్లు ఖాయం చేసే సర్కారు బోర్డు జవాబిచ్చింది: బతికున్నవాళ్ళ పేర్లు వాగులకి పెట్టరు, పోయి ఐదేళ్ళు నిండాలి.

ఇంకొకరైతే వెనక్కి తగ్గేవారు. ఆయన వారంలో బిల్లు తెచ్చారు: పెట్టిబోన్ గారు ఐదేళ్ళ కిందటే కాలం చేసినట్టు భావించవలెను.

"'పేరు కోసం మాత్రమే' అని చేర్చమంటారా సార్?" అన్నాడు సెక్రటరీ.

"ఛ! చావులో సగం సగం ఏమిటయ్యా, మర్యాదగా ఉండదు."

బిల్లు ఏకగ్రీవం. సభంతా సంతాపంగా రెండు నిమిషాలు లేచి నిలబడ్డారు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే.

"ఐదేళ్ళయిందా?" అంది వాగు ఒడ్డునుండే రైతమ్మ. "అంటే మాకు వంతెన కట్టిస్తానన్న దగ్గర్నుంచీ అన్నమాట."

లొరీన్ పుస్తకం మీది పేరు కొట్టేసి, బరువు గుండెతో సర్వే ఆఫీసుకెళ్ళింది. అక్కడి గుమాస్తా బెర్నీస్, మాంసం, క్యాబేజీ కూరిన బియరాక్ అనే బన్ను కొరుకుతూ ఫైలు తిప్పింది.

"అచ్చు ఆపమన్న ఈ ఉత్తరం ఎప్పటిదే?"

"పోయిన అక్టోబరుది."

"ఐదేళ్ళ కింద పోయినాయన పోయిన అక్టోబర్లో సంతకం ఎలా పెట్టాడే? చెల్లదు. పాత పేరే రాసివ్వు, పో."

పుస్తకం అచ్చయిన రోజు సెనేటర్ గారు ఊగిపోతూ వచ్చారు.

"ఎవరనుకున్నావు నన్ను!"

"దివంగతులు కదండీ," అంది బెర్నీస్ వినయంగా. "మీకేమైనా పనుంటే మీ ఆవిడగారిని పంపండి."

ఆయన బయటికొచ్చారు. తలుపు మీద ఉప ఎన్నిక నోటీసు అంటించి ఉంది. ఖాళీకి కారణం అన్నచోట ఆయన పేరు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అచ్చులో. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నారు. కాసేపు టోపీ తీసి నిలబడ్డారు.