వాహెద్ భాయ్ విమానం

ఆ ఆదివారం పొద్దున వైకుంఠం వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఖీమా తెచ్చి భార్య రాజమణి చేతికివ్వాలి, తలకు పోసుకోవాలి, పతంగి దారం చుట్టిన చరఖా తీసుకుని మిద్దెక్కాలి. పురానాపూల్ దగ్గరి ఆ గల్లీలో చలికాలం వచ్చిందంటే ఆదివారాలు వైకుంఠానివే. ఫ్యాక్టరీలో అతను మామూలు ఫిట్టరు. సూపర్‌వైజరు మొదలు క్యాంటీను మనిషి దాకా అందరూ అతన్ని కసిరేవాళ్లే. మిద్దె మీద మాత్రం ఉస్తాదు. అతని పతంగి లేచిందంటే చుట్టుపక్కల మిద్దెల మీది ముఖాలన్నీ పైకి తిరిగేవి. వారమంతా అతను ఆ ఒక్క పూటను తలుచుకునే బతికేవాడు.

ఆ రోజు పతంగి లేచింది గానీ చూడటానికి ముఖాలే లేవు. మిద్దెలన్నీ ఖాళీ. మూసీ ఒడ్డు వైపు నుంచి మాత్రం చప్పట్లు వినిపించాయి, వాటితో పాటు కందిరీగ రొదలాంటి చప్పుడు. వైకుంఠం దారం చుట్టేసి, చెప్పులు వేసుకుని అటు నడిచాడు.

ఒడ్డు మీది ఖాళీ జాగాలో గల్లీ మొత్తం నిలబడి ఉంది. మధ్యలో అబ్దుల్ వాహెద్. పత్తర్‌గట్టిలో గడియారాలు బాగుచేసే మనిషి, వైకుంఠం ఇంటికి ఎదురిల్లు. కువైట్ నుంచి వచ్చిన బావమరిది అతనికి ఒక బొమ్మ విమానం తెచ్చిచ్చాడు. బెండులాంటి తేలిక చెక్కతో చేసిన విమానం, ముక్కు దగ్గర బొటనవేలంత ఇంజను. వాహెద్ చేతిలో పొడుగు ఏరియల్ ఉన్న పెట్టె, ఆ పెట్టె మీద రెండు చిన్న పుల్లలు. ఒక పుల్ల తిప్పితే విమానం కుడికీ ఎడమకీ తిరిగేది, రెండోది కదిపితే పైకీ కిందికీ పోయేది. దారం లేదు. దారం లేకుండా పోవడాన్ని ఎగరడం అనడానికి వైకుంఠానికి మనసొప్పలేదు.

అంతలో గుంపులో రాజమణి కనబడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడి పతంగి చూడటానికి ఒక్కనాడూ మిద్దెక్కని మనిషి, కొంగు నెత్తిమీద కప్పుకుని, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని, మెడ నొప్పి పుట్టేలా ఆకాశంలోకి చూస్తోంది.

"ఎట్ల చెప్తే గట్ల ఇంటుంది సూడు, వాహెద్ భాయ్ మాట," అంది పక్కనున్న కాశమ్మతో.

వైకుంఠం ముందుకు తోసుకువెళ్లి, పతంగి ఎగరేసే చేతికి ఇదొక లెక్కా అని నలుగురూ వినేలా అన్నాడు. వాహెద్‌కు కోపం రావాల్సింది. రాలేదు సరికదా, ముఖం వెలిగిపోయింది. నీది ఉస్తాదు చేయి, పట్టు భాయ్ అని పెట్టె అతని చేతుల్లోనే పెట్టేశాడు.

విమానం దూరం పోతున్నంత సేపూ బాగానే ఉంది. వెనక్కి తిరిగి తనవైపు వస్తున్నప్పుడు వైకుంఠం దాన్ని కుడికి తిప్పబోయాడు. అది ఎడమకు పోయింది. ఇంకా గట్టిగా కుడికి తిప్పాడు. అది ఇంకా గట్టిగా ఎడమకు పోయి, గడ్డి మేస్తున్న బర్రె ముందర ముక్కు నేలకు గుచ్చుకుని నిలబడింది. బర్రె తలెత్తి వైకుంఠాన్నే చూసింది. గుంపంతా అటే చూసింది.

వాహెద్ విమానం నుంచి విరిగిన చెక్కముక్కను జేబులో వేసుకుని అతని భుజం తట్టాడు. "ఫికర్ చెయ్యకు భాయ్. నేను గూడ గిట్లనే పడగొట్టిన. అది మన దిక్కు వచ్చేటప్పుడు దాని కుడి మన ఎడమ అయితది. గందుకే గీ ఒక్క ముచ్చట యాదిపెట్టుకో. ఏ రెక్క కిందికి వంగితే, పుల్ల గా రెక్క దిక్కే నూకు. అది సీదా అయితది."

తిట్టి ఉంటే వైకుంఠం తిరిగి తిట్టి ఇంటికి పోయేవాడు, కథ అక్కడే అయిపోయేది. వాహెద్ తిట్టలేదు. పై ఆదివారం తనే వచ్చి పిలుచుకుపోయాడు, ఆ పై ఆదివారం కూడా. పక్కన నిలబడి, మెల్లగా, నవ్వుతూ నేర్పించాడు. వైకుంఠం నేర్చుకున్నాడు. గాలిలో తిప్పడం వచ్చింది గానీ దించడం ఒక్కసారీ కుదరలేదు. ప్రతిసారీ ఆఖరి నిమిషంలో వాహెద్ పెట్టె అందుకుని దించేవాడు. చప్పట్లు వాహెద్‌కే. ఇంటికొచ్చాక రాజమణి, ఎంత ఓపిక గల మనిషో పాపం అని కూర వడ్డిస్తూ అనేది. వైకుంఠం ఆ కూర పక్కకు నెట్టి మజ్జిగ పోసుకునేవాడు.

చివరికి ఒక సాయంత్రం వైకుంఠం పత్తర్‌గట్టి వెనక, గల్ఫ్ సామాను అమ్మే ఒక దుకాణంలో అచ్చం అలాంటి విమానాన్నే చూశాడు. అదే డబ్బా, డబ్బా మీద అదే బొమ్మ. ఇంట్లో మిక్సీ కోసం దాచిన డబ్బులు ఆ దుకాణంలో పోశాడు. గుడ్డలో చుట్టి తెచ్చి అల్మారా మీద పెట్టాడు. ఎవరికీ చెప్పకుండా దించడం కూడా నేర్చుకుని, ఒకరోజు వాహెద్ విమానం పక్కనే తనదీ ఎగరేసి గల్లీ కళ్లు తెరిపించాలని అతని ఆలోచన.

రాజమణి ఆ మూటను మర్నాడే చూసింది. మొగుడు మిక్సీ తెచ్చి, పండుగ నాడు ఇచ్చి ఆశ్చర్యపరచడానికి దాచాడనుకుంది. విప్పితే అతని ముచ్చట తీరదని విప్పలేదు. కాశమ్మ చెవిలో మాత్రం వేసింది. కాశమ్మ చెవిలో వేస్తే గల్లీకి వేసినట్టే. మిక్సీ బయటికి వచ్చిన రోజు తమ పప్పు కూడా రుబ్బుకుంటామని నలుగురు ఆడవాళ్లు ముందే మాట తీసుకున్నారు. రాజమణి మొగుడికి రోజూ రెండో టీ పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ టీ ఎందుకో వైకుంఠానికి అర్థం కాలేదు. తన గొప్పతనం ఎట్టకేలకు తెలిసివచ్చిందనుకున్నాడు.

అటు తర్వాతి ఆదివారం ఒంట్లో బాగాలేదని వాహెద్‌ను తప్పించుకుని, మిద్దె మీద నీళ్ల తొట్టి చాటున కూర్చున్నాడు. కొత్త పెట్టె మీట నొక్కి పుల్ల తిప్పాడు. ఒళ్లో పెట్టుకున్న విమానం తోక మెత్తగా కదిలింది. సరిగ్గా అప్పుడే వాహెద్ విమానం చక్కర్లు కొడుతూ ఆ మిద్దె మీదికి వచ్చింది. వచ్చి, ఒక్కసారిగా తాగినవాడిలా తూలింది. వైకుంఠం పుల్ల ఎడమకు నూకాడు. ఆకాశంలోని విమానం ఎడమకు ఒరిగింది. కుడికి నూకాడు. కుడికి ఒరిగింది. రెండు పెట్టెలూ ఒక్క అచ్చులో పోసినవి, ఒకే రేడియో మీద మాట్లాడేవి. ఏది దగ్గరుంటే విమానం దాని మాటే వింటుంది.

అతను కంగారుపడి మీట ఆపేసేలోపు వాహెద్ విమానం పోయి కాశమ్మ మిద్దె మీద ఆరబోసిన మిరపకాయల్లో పడింది. దానికి పెద్ద దెబ్బ తగల్లేదు. గల్లీ మాత్రం అది దిష్టేనని తేల్చేసింది. ఎవడి కళ్లు పడ్డాయో వాడి కళ్లల్లో మన్ను పడాలని రాజమణి రాత్రి అన్నాల దగ్గర తిట్టింది. వైకుంఠం తల వంచుకుని ఆ మన్ను సంగతి విన్నాడు.

తిట్లు వింటున్నవాడు బుద్ధి తెచ్చుకోవాలి. వైకుంఠానికి వేరే ఆలోచన వచ్చింది. జనవరి ఇరవయ్యారున బస్తీ సంఘం వాళ్లు ఒడ్డు మీద జెండా ఎగరేసి, వాహెద్ చేత విమానం ఎగరేయించి, అతనికి దండ వేసి సన్మానం చేస్తారట. సంఘం పెద్ద, కట్టెల అడితి గుండయ్య ఆ దండకు అఫ్జల్‌గంజ్‌లో బంతిపూలు చెప్పి వచ్చాడట. ఆ దండ వాహెద్ మెడ మీదికి రాకముందే విమానం నేల మీదికి రావాలి, ముక్కు కిందికి. అంతే, ఎక్కువేమీ వద్దు. ఎవరికీ దెబ్బ తగలకూడదు. ఇలా అనుకుని వైకుంఠం తనను తాను మంచివాడి కిందే లెక్కవేసుకున్నాడు.

ఆ రోజు పెట్టెను గోనె సంచిలో పెట్టుకుని, ఒడ్డు పక్కనే ఉన్న గుండయ్య అడితిలో దుంగల చాటున చేరాడు. జెండా ఎగిరింది. చాక్లెట్లు పంచారు. వాహెద్ ఇంజను రాజేసి, విమానాన్ని చేత్తో గాలిలోకి వదిలాడు. అది రాగాలు తీస్తూ పైకి లేచింది. జనం నోళ్లు తెరుచుకున్నాయి. వైకుంఠం ఏరియల్ లాగి మీట నొక్కాడు.

విమానం తూలింది. వాహెద్ పుల్లలు అటూ ఇటూ తిప్పాడు, అది ఇంకా తూలింది. గుంపు అరవసాగింది. పక్కనున్న గుండయ్యకు విమానాల సంగతి తెలియదు గానీ అడితిలో కోత మిషన్ సంగతి తెలుసు. అది మొరాయిస్తే ముందు కరెంటు తీసెయ్యాలి. ఆయన చటుక్కున వంగి వాహెద్ చేతిలోని పెట్టె మీట ఆపేశాడు.

ఇక ఆ విమానానికి వైకుంఠం ఒక్కడే దిక్కు.

ఆ సంగతి అతనికి తెలియదు. అతను చూసింది ఒక్కటే. విమానం ముక్కు వంచి నేరుగా వేదిక మీదికి దిగుతోంది. వేదిక మీద పళ్లెంలో బంతిపూల దండ పట్టుకుని నిలబడ్డది రాజమణి. ఆమె కదలడం లేదు. వాహెద్ భాయ్ విమానం గదా, ఎలా చెబితే అలా వింటుందని నమ్మకంగా నవ్వుతూ నిలబడింది.

వైకుంఠానికి దండా గుర్తులేదు, సన్మానమూ గుర్తులేదు. పుల్ల వెనక్కి లాగాడు. విమానం రాజమణి కొంగును రెపరెపలాడించి పైకి లేచింది. గుంపు ఊపిరి పీల్చుకుంది. అది తిరిగి అతనివైపే రాసాగింది, ఒక రెక్క కిందికి వంగిపోతూ. ఏ రెక్క వంగితే ఆ రెక్క దిక్కే, అని వాహెద్ గొంతు చెవిలో పలికింది. నూకాడు. సీదా అయింది. చెమట కళ్లల్లోకి కారుతోంది, తుడుచుకోవడానికి చేయి లేదు. జనం మీద నుంచి తప్పించాడు, జెండా కర్ర మీద నుంచి తప్పించాడు, మూసీ మీదికి తీసుకెళ్లి వెనక్కి తిప్పాడు. ఇంతలో నూనె అయిపోయి ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో విమానం గాలిలో జారుతూ, జారుతూ, ఆఖరి నిమిషంలో ముక్కు కొంచెం ఎత్తుకుని, వాహెద్ కాళ్ల ముందు గడ్డి మీద వాలింది. కాకి కూడా అంత మెత్తగా వాలదు.

వైకుంఠం దుంగ మీద కూలబడ్డాడు. జన్మలో మొదటిసారి దించాడు. అంత అందంగా వాహెద్ కూడా ఎన్నడూ దించలేదు. ఈలలు, చప్పట్లు మూసీ అవతలి ఒడ్డు దాకా వినిపించాయి. లేచి వెళ్లి అది నేనే అని చెప్పాలని అతని ప్రాణం కొట్టుకుంది. కానీ అది నేనే అంటే ముందు చేసింది కూడా నేనే అనాలి. కూర్చున్నచోటే కూర్చున్నాడు.

దండ తీసుకొచ్చిన గుండయ్యను వాహెద్ ఆపాడు. అబద్ధం చెప్పలేని మనిషి. "నేను నడపలె గుండయ్యన్నా. పెట్టె బంద్ ఉండె. నువ్వే గదా బంద్ చేసినవు."

గుండయ్య పెట్టె చూశాడు, మీట చూశాడు. నిజమే, బందే ఉంది. తన చేత్తో తాను చేసిన పనికి తానే సాక్షి. మనిషి చేయి లేకుండా, పెట్టె లేకుండా ఇంటి దారి తెలిసిన పావురంలా తిరిగి వచ్చిందంటే ఆ తయారీ ఎంత గొప్పదోనని ఆయన అందరి ముందూ ప్రకటించి, దండను విమానానికి వేశాడు. రాజమణి దాని ముక్కు దగ్గర బొట్టు కూడా పెట్టింది. దుంగల చాటు నుంచి వైకుంఠం అదంతా చూశాడు. అంతవరకూ అతను ఒక మనిషిని చూసి కుళ్లుకున్నాడు. ఇప్పుడు కుళ్లుకోవాల్సింది ఒక చెక్కముక్కను చూసి.

సాయంత్రం వాహెద్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ముఖం వాడిపోయి ఉంది. ఇన్ని రోజులు కష్టపడి నేర్చుకుంటే, తను లేకుండానే అది ఇంకా బాగా ఎగిరిందని, ఇక తానెందుకని బాధపడ్డాడు. వైకుంఠం ఏదో అనబోయి దగ్గాడు. రాజమణి ఇద్దరికీ టీ ఇచ్చి, పండుగ రోజే గదా అని నవ్వుతూ లోపలికి పోయి అల్మారా మీది మూట దించింది. అప్పటికే కాశమ్మా, మిగిలిన ఆడవాళ్లూ నానేసిన మినపప్పు గిన్నెలతో వాకిట్లో నిలబడ్డారు.

మూట విప్పారు. రెక్కలు బయటపడ్డాయి.

గిన్నెలు ఒక్కొక్కటే వెనక్కి మళ్లాయి. వాహెద్ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. అరుగు మూలనున్న గోనె సంచిలోంచి బయటికి చూస్తున్న పెట్టెను కూడా తీసుకుని, వెనక్కి తిప్పి, గడియారం వెనక మూత చూసినట్టు అచ్చేసిన నంబరు చూశాడు, తన పెట్టె మీదున్నదే. వైకుంఠం చెప్పులకు అంటుకున్న, అడితిలోని రంపపు పొట్టును చూశాడు. టీ కప్పు కింద పెట్టి, ఖుదాహాఫిజ్ చెప్పి వెళ్లిపోయాడు.

ఆ వారమంతా రాజమణి అతనితో మాట్లాడలేదు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు గనక ఆదివారం వైకుంఠం తన విమానాన్ని తీసుకుని ఒడ్డుకు వెళ్లాడు. గల్లీ అంతా వచ్చింది. ఆ రోజు అతని చేయి అద్భుతంగా పలికింది. విమానం జనం తలల మీదుగా పోయింది, గుండ్రంగా తిరిగింది, పల్టీ కొట్టింది, తనవైపు వస్తున్నా తడబడలేదు. వైకుంఠం ఓరకంట జనాన్ని చూశాడు. నోరు తెరిచినవాడు ఒక్కడూ లేడు. ఒకరు పల్లీలు ఒలుచుకుంటున్నారు.

గుండయ్య, వాహెద్ వైపు తిరిగి ఇది కూడా అలాంటిదేనా అని అడిగాడు. వాహెద్ వైకుంఠాన్ని తీరిగ్గా, పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఔ అన్నా, అదే కంపెనీ," అన్నాడు. "దానంతట అదే పోతది."

అందరూ తలలూపారు. వారం రోజుల తర్వాత రాజమణి మొగుడితో మొదటి మాట మాట్లాడింది.

"ఇగ గా పెట్టె బంద్ చెయ్యరాదా? ఊకె సెల్లులు దండుగ."