గొట్టం పానాలో గూఢచారి

"మునీరూ! ఈ కొల్లేరు చుట్టుపక్కల నేరస్థులకి కంటి మీద కునుకు లేదంటే కారణం ఎవరనుకున్నావ్?"

"దోమలండి."

"నేను! అపరాధ పరిశోధక నరసరాజుని!" అన్నారు రాజుగారు, చెరువు గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి. కుర్చీ కాలు బురదలో దిగబడింది. నేను పట్టుకుని నిలబెట్టాను. చిన్నప్పటి స్నేహం, తప్పదు.

నాది గణపవరం. మోటార్లు, చెరువు నీళ్లని చిలికి చేపలకి గాలందించే ఏరియేటర్లు బాగుచేస్తుంటాను. రాజుగారు ఏం చేస్తారో వాళ్లావిడకి కూడా తెలియదు. ఇప్పటి దాకా ఆయన పట్టిన కేసు ఒకటే, తప్పిపోయిన మేక కేసు. ఆయన గిట్టల గుర్తులు కొలవడం పూర్తయ్యేలోగా మేక దానంతటదే ఇంటికొచ్చి కుడితి తాగింది.

ఈమధ్య ఆయన కుడిచేతి వేలికి ఇంత లావు కట్టు. దసరా వెళ్లిన మర్నాడు జెల్ల చేప ముల్లు గుచ్చుకుందట. అప్పట్నుంచీ వాళ్లావిడ వెంకటలక్ష్మి చెల్లెమ్మే అన్నం కలిపి ముద్దలు పెడుతోంది, టీ కూడా తాగిస్తోంది. ఇంటి పెత్తనం, చెరువు పెత్తనం ఆ తల్లివే. ఇప్పుడీ పెద్ద బాలుడొకడు.

ఆ రోజు పొద్దుటి నుంచీ మబ్బు. ఏరియేటర్ ఆగిపోయింది. గాలందక చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వచ్చేస్తున్నాయి.

"అన్నయ్యగారూ, తొందరగా తిప్పించండి. ఇంకాసేపు ఆగితే మా ఏడాది కష్టం వెల్లకిలా తేలిపోద్దండి" అంది చెల్లెమ్మ. నేను గబగబా వంగి చూశాను.

రెక్కల ఇరుసు దగ్గర బోల్టు వదులైంది, అంతే. కానీ అది లోతుగా ఉంటుంది, గొట్టం పానా తప్ప ఇంకేదీ అందదు. ఆ సైజుది నా దగ్గర ఒక్కటే ఉంది. దసరా తర్వాత దానితో పని పడలేదు. తీసి పెట్టి నొక్కితే బోల్టు తల లోపలికి దూరదే! చూద్దును కదా, పానా గొట్టంలో ఏదో అడ్డంగా ఇరుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. కదల్లేదు.

"కాసిని వేణ్ణీళ్లు తెప్పించమ్మా. పోసి తడితే ఊడొస్తుంది."

"ఆగు!" రాజుగారు పానా లాక్కున్నారు. "సాక్ష్యాన్ని కడిగేస్తావా? ఇది కుట్ర మునీరూ! మహా కుట్ర!" అంటూ గొట్టాన్ని కంటికి ఆనించుకుని ఆకాశంలోకి చూశారు. "ఎరుపు! రక్తం!"

"కుంకుమండి. దసరాకి నా పానాలన్నీ మీ ఇంట్లో ఆయుధపూజలో పెట్టారు కదండీ."

"నేరస్థుడు కోరుకునేది కూడా నువ్వు అలా అనుకోవాలనే!" అన్నారాయన. పానా తీశాక కంటి చుట్టూ ఎర్రటి సున్నా పడింది.

చేపలు నోళ్లు తెరుస్తూనే ఉన్నాయి. ఇంతలో పక్క చెరువు శామ్యూల్, పాపం, సాయం కావాలేమో కనుక్కుందామని వచ్చాడు.

"రా శామ్యూల్! మా ఏరియేటర్ ఆగింది. నీది తిరుగుతోంది. ఎందుకు?"

"మాది పాడవలేదండి."

"విన్నావా మునీరూ? ఎంత సిద్ధంగా పెట్టుకున్నాడో సమాధానం!"

"ఏవండీ, ఆ పానా అన్నయ్యగారికి ఇచ్చేయండి, మీకు దణ్ణం పెడతాను. వేణ్ణీళ్లకి ఇంటికి పోయేంత టైం కూడా లేదు" అంది చెల్లెమ్మ.

"ముందు టీ. మెదడు వేడెక్కాలి."

మొగుడితో వాదించేకన్నా తాగించేయడమే తొందరగా తెములుతుందని ఆమె ఫ్లాస్కులోంచి పొగలు కక్కే టీ గ్లాసులో వంచింది. సాక్ష్యం జారిపోకుండా పానా నోరు పైకి పెట్టి గడ్డం కింద పట్టుకున్నారు రాజుగారు. ఆమె గ్లాసు పెదాలకి అందించింది. సరిగ్గా అప్పుడే ఆయనకి జ్ఞానోదయమైంది.

"నేరస్థుడు ఈ గట్టు మీదే ఉన్నాడు!" అని తల విసిరారు.

టీ సగం పానా గొట్టంలోకి, సగం ఆయన చేతి మీదికి పోయింది. "చచ్చాన్రోయ్!" అని పానా గిరాటేశారు. అది వెళ్లి గట్టునానుకుని ఉన్న ఏరియేటర్ ఇనప చట్రానికి ఠంగున తగిలింది. నానిన పసుపు ముద్ద ఒకటి గొట్టంలోంచి ఊడి శామ్యూల్ కాళ్ల దగ్గర పడింది.

నాకదంతా ఎందుకు? పానా అందుకుని నీళ్లలోకి దిగాను. బోల్టు బిగించి స్విచ్చి వేయించాను. రెక్కలు తిరిగాయి, తెల్లగా నురగ లేచింది. నా ప్రాణం లేచొచ్చింది. నెమ్మదిగా చేపలు నోళ్లు మూసుకుని అడుక్కి దిగాయి. చెల్లెమ్మ చెరువుకేసి చేతులు జోడించింది.

గట్టెక్కేసరికి శామ్యూల్ ఆ ముద్దని కడిగి చూపిస్తున్నాడు. బంగారపు ఉంగరం!

"చూశారా!" రాజుగారు ఎగిరి గంతేశారు. "దొంగసొత్తు! చెప్పానా లేదా? కేసు ఛేదించాను!"

చెల్లెమ్మ ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇది పెళ్లిలో మా నాన్నగారు మీకు పెట్టింది కదండీ."

రాజుగారు కట్టున్న చెయ్యి మెల్లగా వెనక్కి పెట్టుకున్నారు.

"అప్పుడే అన్నాను, పైన బొట్టు పెడితే చాలండీ అని. విన్నారా? గొట్టం లోపల దాకా వేలు పెట్టి మరీ పసుపు పూశారు. ఏదీ, కట్టు విప్పండి."

"జెల్ల ముల్లు... ఇంకా పచ్చిగా..."

ఆమే విప్పింది. వేలు నవనవలాడుతోంది. ముల్లు కాదు కదా, దోమ కుట్టిన జాడ కూడా లేదు. ఉంగరం ఉన్న చోట తెల్లటి మచ్చ మాత్రం ఉంది. శామ్యూల్ దగ్గొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఏదేమైనా నేరస్థుడు గట్టు మీదే ఉన్నాడన్నాను. ఉన్నాడుగా!" అన్నారు రాజుగారు, ఆ ఎర్ర సున్నా కంటితోనే, బింకంగా.

చెల్లెమ్మ ఉంగరం ఆయన వేలికి తొడిగి, క్యారేజీ విప్పి మా ముగ్గురికీ వడ్డించింది. రాజుగారు అలవాటు చొప్పున నోరు తెరిచారు. ఆమె కంచం ఆయన ఒళ్లో పెట్టి, తన కంచం ముందు కూర్చుంది.

చెరువులో ఒక్క చేప కూడా నోరు తెరవడం లేదు. గట్టు మీద రాజుగారొక్కరే, ఇంకా తెరుచుకునే కూర్చున్నారు.