పాతదనానికి ఒక ఉపసంఘం

మా దుస్తుల కంపెనీ ఇకమీదట పాతకాలపు అందానికే పెద్దపీట వేయాలని సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏకగ్రీవం అంటే యజమానిగారు ఒక్కరే మాట్లాడారని అర్థం. గుమాస్తాగా ఆ సమావేశపు నివేదిక రాసింది నేనే కాబట్టి అందులో అబద్ధానికి తావు లేదు. నిజానికి కూడా పెద్ద తావేమీ లేదు.

“కొత్తదంటే జనానికి మొహం మొత్తింది,” అన్నారు యజమానిగారు. “అమ్మమ్మల కాలం నాటి గౌన్లు కుడదాం. పాత ఆల్బంలోంచి లేచొచ్చినట్టు, మెత్తని వెలుగులో ఫొటోలు తీయిద్దాం. పాతదాన్ని గౌరవించలేని జాతికి భవిష్యత్తు లేదు!” మేం చప్పట్లు కొట్టాం. ఆయన మోచేతి కింద ఒక కాగితం నలుగుతోంది. అది మిషనమ్మ పెట్టుకున్న అర్జీ.

మిషనమ్మ మా కుట్టు హాల్లో అందరికంటే పాత మనిషి. ముప్ఫై నాలుగేళ్లుగా ఉత్తరం కిటికీ పక్కన కూర్చుని, కాలితో తొక్కే మిషను మీద కాలర్లు కుడుతోంది. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, అక్కడ తప్ప ఇంకెక్కడా వినపడదు. రోజుకు యాభై కాలర్లు కుట్టాలని ఈ ఏడాది కొత్త నిబంధన వచ్చింది. ఆమె నలభై ఒకటి కుడుతుంది. ఆ తొమ్మిది కాలర్ల లోటు చూపించి నెలాఖరుకు ఆమెను ఇంటికి పంపేయాలని ఆలోచన. అర్జీ నాచేతే రాయించుకుంది. “చేతులు ఆడుతున్నాయి, ఇంకో రెండేళ్లు ఆడనివ్వండి. కాలక్షేపానికి అడగడం లేదు, ఈ జీతంతోనే ఇల్లు నడుస్తోంది” అని ఆమె మాట. నేను ‘జీతం’ కొట్టేసి ‘జీవనోపాధి’ అని దిద్దబోతే, “జీతమనే ఉండనీ బాబూ, నా అర్జీ నాకైనా అర్థం కావాలి” అంది.

“ఫొటోల పని కానీ, తర్వాత చూద్దాం,” అన్నారు యజమానిగారు. తర్వాత అనేది మా కంపెనీలో చాలా విశాలమైన కాలం.

పాతదనం తయారీకి వెంటనే ఒక ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షుడు యజమానిగారి బావమరిది. ఆయన కొనుగోళ్ల అధికారి కూడా. ఏదైనా కొనాలంటే ఆయన్ని అడగాలి, ఏదైనా ఎందుకు కొన్నామో మాత్రం ఆయన్ని అడగకూడదు. ఉపసంఘం మొదటి రోజే ఒక నిర్వచనం ఆమోదించింది: “పాత అనగా కొత్తగా కొని పాతగా చేయబడినది. మొదటి నుంచీ పాతగా ఉన్నది పాత కాదు, చెత్త.” ఆ ప్రకారం గోదాములో ఉన్న పాత చెక్క కుర్చీలను చెత్తబండికెత్తించి, కొత్త కుర్చీలు తెప్పించి, ఇద్దరు వడ్రంగులతో మూడు రోజులు గరుకు కాగితం పెట్టి రుద్దించాం. కొత్త అద్దానికి మరకలు పెట్టించాం. గోడకు కొత్తగా సున్నం వేయించి, ఆరాక పెచ్చులూడగొట్టించాం. ఒక వడ్రంగి ఉత్సాహం పట్టలేక కుర్చీకి ఒక కాలు కూడా తీసేశాడు. అతనికి ప్రశంసాపత్రం ఇచ్చాం.

ఫొటోలకు గౌన్లు పదకొండు. వాటి కాలర్లకు సన్నమడత కుట్టు పడాలి. అది తెలిసిన చేతులు హాలు మొత్తం మీద మిషనమ్మవే కాబట్టి ఆ పని ఆమెకే అప్పగించాం. కుట్టాక రంగు వెలిసేదాకా ఉతికించి, అక్కడక్కడా దారం వదులు చేయించి, నాణ్యత చూసే అధికారి దగ్గరికి పంపాం. ఆయన ఇరవై ఏళ్లుగా వెలిసిన రంగు కనపడితే ఒకటే పని చేస్తున్నాడు. ఆ రోజూ అదే చేశాడు. పదకొండు గౌన్ల లోపలి వైపునా ఊదారంగు సిరాతో ‘పనికిరాదు’ అని ముద్ర కొట్టి, పక్కన సంతకం పెట్టి, టీ తాగడానికి వెళ్లాడు.

ఉపసంఘం హుటాహుటిన కూర్చుంది. మాటలు పెరిగాయి, బిస్కెట్లు తరిగాయి. చివరికి తీర్మానం: “వెలిసిన రంగు, వదులు కుట్టు, మరకలను ఇకపై లోపాలుగా కాక అందాలుగా పరిగణించవలెను. ‘పనికిరాదు’ అను ముద్రను ‘అపురూపం’ అని చదువుకొనవలెను.” నాణ్యత అధికారి అమాయకుడు. ఏ మాటనైనా అది ఉన్న అర్థంలోనే తీసుకుంటాడు. లేచి నిలబడి, “ఈ లెక్కన మన మిషనమ్మ కూడా అపురూపమే కదండీ?” అన్నాడు. యజమానిగారు ఆయన వైపు జాలిగా చూశారు. “తీర్మానం వస్తువుల గురించయ్యా. మనుషుల్ని వస్తువులతో పోల్చడం సంస్కారం కాదు,” అన్నారు. మేం మళ్లీ చప్పట్లు కొట్టాం.

ఇక వెలుగు. పేరున్న ఫొటోగ్రాఫర్‌ను పిలిపించాం. ఆయన హాలంతా కలియదిరిగి, మిషనమ్మ మూల దగ్గర ఆగి, ఇక్కడే తీస్తానన్నాడు. “వెలుగు మెత్తగా ఉండాలి. ముఖాన్ని నిమరాలి గానీ కొట్టకూడదు. మెత్తని లైట్లు కావాలి” అని చీటీ రాసిచ్చాడు. బావమరిదిగారు చీటీ పట్టుకుని ఊళ్లో ఉన్న లైట్ల షాపులన్నీ కాళ్లరిగేలా తిరిగి, సాయంత్రానికి ఉత్తచేతులతో వచ్చారు. “అన్నీ నొక్కి చూశాను బావగారూ, ఒక్కటీ మెత్తగా లేదు. అన్నీ గాజువీ ఇనుపవీనూ. మనల్ని మోసం చేద్దామనే చూస్తున్నారు,” అన్నారు. ఆయన అప్రమత్తతను నివేదికలో ప్రత్యేకంగా ప్రస్తావించాం.

ఇదంతా వింటూ కాలర్లు కుడుతున్న మిషనమ్మ తల ఎత్తింది. “మెత్తదనం దీపంలో ఎక్కడుంటుంది బాబూ, అడ్డం కట్టే గుడ్డలో ఉంటుంది గానీ,” అంది. “వెలుగు నేరుగా పడితే తెల్ల గుడ్డ మీద తెల్ల దారం కనపడి చావదు. అందుకే ఈ కిటికీకి ఇన్నేళ్లుగా పల్చటి గుడ్డ కట్టుకుంటున్నా. నీడ కూడా పల్చగా పడుతుంది, చూడు.” అని చెయ్యి చాపింది. ఫొటోగ్రాఫర్ ఆ చెయ్యినీ, దాని కింది నీడనీ చూసి నోరెళ్లబెట్టాడు. తనకు కావలసింది సరిగ్గా ఈ వెలుగేనన్నాడు. వెంటనే ఆ గుడ్డ విప్పించి తన లైట్లకు కట్టించాడు. కిటికీకి నల్ల రంగేసిన ప్లైవుడ్ చెక్క బిగించాడు. ఎందుకంటే సూర్యుడు కంపెనీ అదుపులో ఉండడు, మబ్బు పడితే జవాబుదారీ ఎవరు?

తర్వాత ఆ చెక్కకు లోపలి వైపున ఒక ఉత్తుత్తి కిటికీ తగిలించారు. దాని వెనక ఆరు లైట్లు, ముందు మిషనమ్మ గుడ్డ, ఎదురుగా వెలుగును తిప్పికొట్టడానికి తెల్ల అట్టలు, గాలిలో పల్చగా పొగ. ఫొటో ఇంకాస్త మసకగా, కలలా రావాలని కెమెరా కంటికి ఆడవాళ్ల పల్చటి మేజోడు తొడిగారు. మేజోడు మరీ కొత్తగా ఉందని ఉపసంఘం అభ్యంతరపెడితే, బావమరిదిగారు దాన్ని రెండు రోజులు తొడుక్కు తిరిగి పాతచేసిచ్చారు. ఉదయం పదింటి వెలుగు ఉదయం పదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం మూడింటికి తయారైంది.

ఈ ఏర్పాట్లు ఎనిమిది పనిదినాలు సాగాయి. మిషనమ్మ మిషను కూడా ఫొటోలో ఉండాలి కాబట్టి దాని చుట్టూ తాడు కట్టి, ‘అరుదైన పాత వస్తువు, తాకరాదు’ అని బోర్డు పెట్టాం. ఆమెకు మెట్ల కింద ఒక కరెంటు మిషను చూపించాం. అక్కడికి వెలుతురు రాదు, గాలి కూడా ఆలోచించి వస్తుంది. ఆ మిషను మీద కాలు ఆనించడం ఆలస్యం, పరుగు తీసేది. దారం తెగేది, ఆమె తడుముకుంటూ ఎక్కించేది. తన మిషనుకు నూనె వేసుకుంటానని ఒకసారి తాడు దాటబోతే, కాపలా మనిషి బోర్డు చదువుకోమన్నాడు.

ఫొటోల రోజు గౌను తొడుక్కున్న అమ్మాయి మిషను ముందు కూర్చుంది. మంచి పిల్ల. “దీన్ని ఎక్కడ ఆన్ చేయాలి ఆంటీ?” అని పక్కన నిలబడ్డ మిషనమ్మను అడిగింది. తొక్కితే చక్రం వెనక్కి తిరిగింది, దారం చిక్కుముడి పడింది. అరగంట చూసి, ఫొటోగ్రాఫర్ మిషనమ్మను ఆ కుర్చీలో కూర్చోమన్నాడు. చేతులు మాత్రమే తీసి, తర్వాత కంప్యూటర్లో అమ్మాయికి అతికిస్తానన్నాడు.

ఆమె కూర్చుంది. ఒక చెయ్యి గుడ్డను ముందుకు జరిపింది, రెండో చెయ్యి దారాన్ని ఉంగరం వేలి మీదుగా పట్టింది. హాల్లో మిషను చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. ఫొటోగ్రాఫర్ గబగబా ఫొటోలు తీసుకున్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నివేదికలో దాన్ని పొగ ప్రభావం కింద రాశాను.

చూడ్డానికి వచ్చిన యజమానిగారితో ఆమె అక్కడే అంది, “బాబూ, నా కాగితం సంగతి...”

“ఫొటోలు రానీ మిషనమ్మా! నువ్వు ఈ కంపెనీకి ప్రాణం!”

ఫొటోలు వచ్చాయి. యజమానిగారు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశారు. “అద్భుతం. చేతులే మరీ పాతగా ఉన్నాయి,” అన్నారు. చేతుల ముడతలు తీసేశారు. నరాలు తీసేశారు, సూది గుచ్చుకున్న మచ్చలు తీసేశారు. గోడ పెచ్చులు చాలలేదని ఇంకో నాలుగు కలిపారు.

ఆ మర్నాడు నాచేత మిషనమ్మకు ఉత్తరం రాయించారు. గత ఎనిమిది పనిదినాల్లో ఆమె సగటు ఇరవై ఆరు కాలర్లకు పడిపోయినందున, సంస్థ మిక్కిలి విచారంతో ఆమె సేవలను ముగిస్తున్నది. నేను ధైర్యం చేసి, కిటికీ మూసేసిన సంగతి కూడా రాయమంటారా అని అడిగాను.

“ఉత్తరంలో కిటికీ ఎందుకయ్యా?” అన్నారు యజమానిగారు.

“కిటికీ ఉన్నదే ఉత్తరంలోనండీ,” అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నాకు నవ్వు రాలేదు. అక్షరదోషాలు లేకుండా ఉత్తరం పూర్తిచేసి సంతకానికి పెట్టాను. ముప్ఫై నాలుగేళ్లుగా పనిచేస్తున్న మనిషిని తీసేయడానికి పదకొండు వాక్యాలు పట్టాయి, అందులో మూడు అభినందనలే.

నెలాఖరు రోజున వీడ్కోలు సభ జరిగింది. అప్పటికే మా ఫొటో కూడళ్లలో రెండంతస్తుల ఎత్తున వెలిసింది, కింద ‘పాతదంటే మాకు ప్రాణం’ అని పెద్దక్షరాలు. జనం ఆగి మరీ చూస్తున్నారు. గౌన్లు హాట్‌కేకుల్లా అమ్ముడుపోయాయి. యజమానిగారు శ్రమ గౌరవం మీద నలభై నిమిషాలు మాట్లాడి, అదే ఫొటోకు చెక్క ఫ్రేము కట్టించి ఆమె చేతిలో పెట్టారు. మిషనమ్మ దాన్ని దూరంగా పట్టి చూసింది, దగ్గరగా పట్టి చూసింది. “దారం పట్టడం నాదే,” అంది. “చేతులే ఎవరివో.” వినయం ఉట్టిపడే మాట అని అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఆమె ఆ ఫ్రేమును చంకలో పెట్టుకుని బస్సెక్కింది. కూర్చోవడానికి చోటు లేదు. అదే బస్సులో నేనూ ఉన్నాను, మీరూ ఉన్నారు. మీరు సీట్లో కూర్చుని ఫోనులో మా ఫొటో చూస్తున్నారు. చూసి నిట్టూర్చారు. కింద ఒక గుండె గుర్తు పెట్టి, ‘ఆ రోజులే వేరు, ఆ మనుషులే వేరు’ అని రాశారు. ఇంతలో బస్సు కుదిపింది, ఫ్రేము మూల మీ భుజానికి తగిలింది. మీరు తలెత్తకుండానే “కాస్త చూసుకుని నిలబడండమ్మా” అన్నారు. ఆమె “తప్పయిపోయింది” అని పక్కకు జరిగింది.

నేను మీ వెనక సీట్లోనే ఉన్నాను. లేవలేదు. మీరు లేస్తారేమోనని చూస్తున్నాను.