ఏడు కత్తుల వారసుడు

"ఒరేయ్, ఇవాళ నీ కుత్తుకో, మన పరువో, ఏదో ఒకటి తెగుతుందిరా!" అంది తల్లి, ఇంకా ఏమీ జరగకముందే.

"అమ్మా, ఇది మంగలికత్తి కాదు. మగవాడి మర్యాదకు నిలువెత్తు సాక్ష్యం!" అని ప్రకటించాడు కొడుకు.

"జానెడైనా లేదు, నిలువెత్తేమిట్రా?"

ఆర్నెల్లుగా ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం లేదు. ఏడు పాత మడతకత్తులున్నాయి. గరుకు కాగితంతో తుప్పు గీకడం, నూనె పట్టించడం, కొమ్ముపిడికి కొత్త మేకు బిగించడం, అదీ కొడుకు వ్యాపకం. తుప్పు చూస్తే ఆవిడకు ధనుర్వాతం భయం. గీకుతుంటే కంట్లో పడుతుందని భయం. తీరా మెరిశాక దొంగల భయం! టింక్చరు సీసా పట్టుకుని కొడుకు వెనకాలే తిరిగేది.

అసలు భయం వేరే ఉంది. పురాతన క్షుర పరిరక్షణ సంఘంలో చేరాలంటే తాతల నాటి కత్తులూ, ఆ తాతల హోదా, రెండూ దరఖాస్తులో చూపాలి. కత్తులు ఆవిడ తండ్రివే. ఆయన చిన్న సెలూను నడిపాడు. కొడుకు మాత్రం "మాతామహులు జడ్జిగారు. రోజుకొక కత్తి చొప్పున వారానికి ఏడు" అని రాసి, కింద సంతకం కూడా పెట్టేశాడు.

"బయటపడితే?"

"నువ్వు నోరు విప్పకపోతే ఎలా పడుతుందే?"

సాయంత్రం సంఘం అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు తనిఖీకి వచ్చారు. అధ్యక్షుడు తెల్లటి చేతితొడుగులు వేసుకుని, కత్తిని పసిబిడ్డలా ఎత్తుకున్నాడు.

"ఆహా! జడ్జిగారి తీర్పులా ఉంది పదును! మా నాన్నగారికి పద్నాలుగు ఉండేవి. కోటలో పెరిగాం కదా! పొద్దుటికొకటి, సాయంత్రానికొకటి."

పూటపూటా గీస్తే చర్మం ఏమైపోవాలి, పాపం! ఆయన తండ్రి గురించి కూడా ఆవిడ కాసేపు భయపడింది.

"ఏదీ, ఒకసారి నూరి చూపించండి."

కొడుకు కత్తి నూరే తోలుపట్టీని కిటికీ కొక్కేనికి తగిలించి, కత్తి అంచును ముందుకు తోశాడు. తోలు కసుక్కున తెగింది. ఇంకొక్క తోపుకు బొటనవేలే!

"ఆగరా!" అంటూ ఆవిడ కత్తి లాక్కుంది. వెన్ను ముందు, అంచు వెనక. పట్టీ చివర కత్తి ఎత్తకుండా వెన్ను మీదే దొర్లించి, ఇటు లాగింది. మళ్లీ అటు. ఆ చేతిలో వణుకన్నదే లేదు!

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

కొడుకు కళ్లతోనే దండాలు పెట్టాడు. కానీ ఆవిడ నోరు అప్పటికే జారింది.

"మా నాన్న సెలూన్లో. జడ్జీ లేడు, గిడ్జీ లేడు. జడ్జిగారికి గడ్డం గీసేవాడు, అంతే. బెంచీ మీద ఏడుగురు కూర్చునేవాళ్లు, అందుకే ఏడు కత్తులు. అయినా, ఒక్క గడ్డానికి అన్నెందుకు బాబూ?"

కొడుకు తెగిన తోలును వేలితో అతికించాలని చూస్తున్నాడు. సభ్యులిద్దరూ ఒకరి గడ్డం ఒకరు పరీక్షించుకున్నారు. అధ్యక్షుడు చేతితొడుగులు ఒక్కో వేలే విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

చివరికి ఆవిడ వైపు తిరిగాడు.

"మా నాన్నది ఇంకాస్త పెద్ద బెంచీ అమ్మా."